కుటుంబ నియంత్రణ - మన స్త్రీలకు తెలిసినదెంత?

"కె.ఎ.పి." - సంఘశాస్త్రం చదివే మాబోటి విద్యార్థులకు ఈ మూడక్షరాలు కంఠతా వచ్చి తీరాలి. ఒక విషయం గురించి జనానికి ఏం తెలుసు, దాని గురించి ఏమనుకుంటున్నారు, చివరికి ఏం చేస్తున్నారు - అంటే జ్ఞానం, వైఖరి, ఆచరణ - ఈ మూడింటినీ కొలిచే సర్వేకు అది పొట్టిపేరు. దేని మీదైనా ఇటువంటి సర్వే చెయ్యవచ్చు. కాని మన దేశంలో ఈ పద్ధతి వేళ్ళూనుకున్నది మాత్రం చాలావరకు కుటుంబ నియంత్రణ మూలంగానే.

మా ఎం.ఏ. ఫీల్డువర్కులో నా వంతుకు వచ్చిన అంశం కూడా అదే: "వివాహిత స్త్రీలు - సంతాన నిరోధం". "పెళ్ళికాని పిల్లవి, ఊళ్ళో వాళ్ళని పోయి ఇయ్యా అడిగేది?" అని మా అమ్మ రెండు రోజులు నసిగింది. అయినా ప్రశ్నల కాగితాలు సంచిలో వేసుకుని గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరికి బయలుదేరాను.

మొదటి ఇంట్లో ముప్ఫై ఏళ్ళావిడ వరండాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను కాగితం తీసి, పుస్తక భాషలో మొదలుపెట్టాను.

"పిల్లలు పుట్టకుండా ఉండడానికి మీకు తెలిసిన పద్ధతులేమిటండీ?"

"ఆపరేషను."

"ఇంకా?"

"ఇంకేముందమ్మాయ్? ఆపరేషనే."

అప్పుడు, మాకు నేర్పిన ప్రకారం, ఒక్కొక్క పేరూ చదివాను. బిళ్ళలు, కాపర్-టి, నిరోధ్, సూది మందు, మగవాళ్ళ ఆపరేషను. ప్రతిదానికీ "ఆఁ, యిన్నా" అంది. నేను "తెలుసు" అన్న గడిలో వరసగా టిక్కులు పెట్టాను. సాయంత్రానికి నా కాగితాలన్నీ టిక్కులతో నిండిపోయాయి. వాటిని చూస్తే ఆ ఊరి స్త్రీలకు తెలియనిదంటూ ఏమీ లేదు.

ఎందుకో నాకు తృప్తి కలగలేదు. మర్నాడు మళ్ళీ అదే ఇంటికి వెళ్ళి, కాగితం సంచిలోనే ఉంచి, ఆవిడ పక్కన కూర్చుని నేనూ నాలుగు తొడిమలు తీస్తూ అడిగాను. "కాపర్-టి అంటే ఏందక్కా?"

"అదేందో లోపల పెడతారంటగా. అది పైకెక్కి గుండెకాడికి పోద్దంట. మా ఆడబిడ్డ చెప్పింది."

నిన్నటి జవాబు కూడా ఆవిడదే, ఇవాళ్టి జవాబు కూడా ఆవిడదే. నిన్నటిది సర్వేలో చేరింది, ఇవాళ్టిది చేరలేదు. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న వివాహిత స్త్రీలలో దేశం మొత్తం మీద 67 శాతం దాకా ఏదో ఒక పద్ధతి పాటిస్తున్నారు. అందులో స్త్రీల ఆపరేషను 38 శాతం దగ్గర ఉంది. కండోము 9.5 శాతం, బిళ్ళలు 5 శాతం, కాపర్-టి వంటివి 2 శాతం. పురుషుల ఆపరేషను 0.3 శాతం. పొరపాటున చదివారేమో, మళ్ళీ చదవండి: వెయ్యికి ముగ్గురు.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఏదో ఒక పద్ధతి పాటించేవారు 71 శాతం, అందులో స్త్రీల ఆపరేషనే 70 శాతం దాకా ఉంది. అంటే మిగతా పద్ధతులన్నీ కలిపి నూటికి ఒకటో రెండో! తెలంగాణలోనూ స్త్రీల ఆపరేషను 60 శాతం పైనే. ఒక స్త్రీ తన జీవితకాలంలో కనే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా పెరగకుండా తరగకుండా నిలవాలంటే ఆ సగటు 2.1 ఉండాలంటారు. దానికంటే కిందికే దిగిపోయాం. ఏదో ఒక గర్భనిరోధక పద్ధతి పేరు విననివారు దేశంలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఇన్ని మార్కులు మా క్లాసులో ఎవరికీ రాలేదు!

ఆఫీసు లెక్కల్లో ఇది ఘనవిజయమే. కాని ఒక్క ప్రశ్న. ఇన్ని పద్ధతులు అందరికీ తెలిసి కూడా, అందరూ ఒక్క పద్ధతినే పట్టుకున్నారంటే, వాళ్ళకు నిజంగా తెలిసినదేమిటి? వాళ్ళు ఎంచుకున్నారా, లేక ఎంచుకోవడానికి వాళ్ళ ముందు ఇంకేమీ పెట్టలేదా?

తెలిసినది

"విన్నాను" వేరు, "తెలుసు" వేరు. ఒక పద్ధతి తెలుసు అంటే నాలుగు సంగతులు తెలియాలి: అది ఎట్లా పనిచేస్తుంది, ఎన్నాళ్ళు పనిచేస్తుంది, దానివల్ల ఏ ఇబ్బందులు వస్తాయి, మానుకుంటే మళ్ళీ పిల్లలు పుడతారా లేదా. ఈ నాలుగూ తెలియకుండా పేరొక్కటే తెలియడం, ఊరి పేరు తెలిసి దారి తెలియనట్లే.

నేను విన్న మాటలు, వాటి వెనుక నిజం వరసగా చెబుతాను.

కాపర్-టి గుండెకు ఎక్కుతుందన్న భయం ఒక్క ఊరిది కాదు. వెనకటి లూపు కాలం నుంచీ ఉన్నదే. గర్భసంచి నుంచి గుండెకు దారి లేదు. ఆ చిన్న పరికరం గర్భసంచిలోనే ఉండి, దానికి చుట్టిన రాగితీగ వల్ల వీర్యకణాలను పనిచెయ్యనీయదు. 380-ఏ అన్న రకం 10 ఏళ్ళు పనిచేస్తుంది. పిల్లలు కావాలనుకున్న రోజున తీయించుకుంటే చాలు. అయితే మొదటి కొద్ది నెలలు బహిష్టు ఎక్కువగా కావడం, పొత్తికడుపులో నొప్పి రావడం మామూలే. ఈ ముక్క ముందే చెప్పరు. అందుకని రక్తం ఎక్కువ పోగానే "అమ్మో, లోపల పుండయ్యింది" అని భయపడి తీయించేసుకుంటారు. వాళ్ళు పదిమందికి చెబుతారు. ఊరి మొత్తానికి కాపర్-టి గురించి "తెలిసేది" అట్లాగన్నమాట.

బిళ్ళలు వేడి చేస్తాయన్నది ఇంకొక మాట. పండుగలకూ వ్రతాలకూ బయట చేరకుండా వేసుకునే బిళ్ళనూ దీన్నీ ఒకటేననుకునేవారు చాలామంది. మాలా-ఎన్ అట్టలో 28 బిళ్ళలుంటాయి. 21 అండం విడుదల కాకుండా ఆపే హార్మోను బిళ్ళలు, 7 ఇనుము బిళ్ళలు. రోజుకొకటి, మరవకుండా వేసుకోవాలి. మానేస్తే మళ్ళీ గర్భం వస్తుంది. రక్తపోటు ఉన్నవారు, ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా వీటిని వాడకూడదు.

"ఛాయ" అన్న బిళ్ళ పేరు ఆ ఊళ్ళో ఎవరూ చెప్పలేదు. ఇది స్టెరాయిడు హార్మోను లేని బిళ్ళ. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మన శాస్త్రజ్ఞులే తయారుచేశారు. 1991లో "సహేలి" అన్న పేరుతో బజారుకు వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఇదీ, మూడు నెలలకొకసారి వేసే "అంతర" సూది మందూ 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. అంతర సూది మానిన తర్వాత మళ్ళీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. అది కూడా ముందే తెలియాలి.

"పాలిస్తున్నంతకాలం కడుపు రాదు" అన్నది అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న నమ్మకం. ఇందులో నిజం లేకపోలేదు, కాని మూడు షరతులున్నాయి. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, తల్లికి బహిష్టు తిరిగి మొదలుకాకూడదు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా పాలను నమ్ముకోవడం ప్రమాదమే.

ఇక మగవాళ్ళ ఆపరేషను. "బరువు పని చెయ్యలేడమ్మా, రేపు అరక ఎవరు దున్నుతారు?" - ఈ మాట నాకు చెప్పినది మగవాళ్ళు కాదు, ఆడవాళ్ళే! నిజానికి రెండింటిలో తేలికైనది, ప్రమాదం తక్కువైనది మగవాళ్ళదే. స్త్రీకి పొట్ట తెరవాలి. పురుషునికి ఇప్పుడు కత్తిగాటు కూడా లేకుండా కొద్ది నిమిషాల్లో చేస్తున్నారు. అది బలాన్నీ తియ్యదు, మగతనాన్నీ తియ్యదు. కాకపోతే అది చేసిన వెంటనే పనిచెయ్యదు. మూడు నెలలపాటు కండోము వాడి, తర్వాత వీర్యపరీక్ష చేయించుకోవాలి. ఈ జాగ్రత్త చెప్పకపోవడం వల్ల ఎన్ని ఇళ్ళల్లో భార్యల మీద లేనిపోని అనుమానాలు పుట్టి ఉంటాయో ఆలోచించండి.

అనుకునేది

జ్ఞానం తర్వాతది వైఖరి. "ఇద్దరు పిల్లలు చాలునా?" "చాలు." "పిల్లల మధ్య ఎడం ఉండాలా?" "ఉండాలి." అన్నిటికీ ఔననే. ఇక్కడ మా మాస్టారు క్లాసులో చెప్పిన ఒక కథ గుర్తుకొచ్చింది.

పంజాబులో ఖన్నా ప్రాంతపు పల్లెల్లో 1950ల్లో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు పెద్ద ఎత్తున కుటుంబ నియంత్రణ అధ్యయనం జరిపారు. ఇంటింటికీ వెళ్ళి బిళ్ళలిచ్చారు. జనం తీసుకున్నారు, వాడతామన్నారు. జననాల రేటు మాత్రం వాళ్ళనుకున్నట్టు తగ్గలేదు. తర్వాత మహమూద్ మమ్దానీ అన్న పరిశోధకుడు అక్కడి మనూపూర్ గ్రామానికి వెళ్ళి విచారించి 1972లో ఒక పుస్తకం రాశాడు. చాలామంది ఆ బిళ్ళలు వాడనే లేదట. అంతదూరం వచ్చిన పెద్దమనుషులను నొప్పించడం ఇష్టంలేక తీసుకున్నారు. వ్యవసాయం మీద బతికే ఆ ఇళ్ళకు పిల్లలు బరువు కాదు, పనిచేసే చేతులు. ఆ సంగతి ప్రశ్నలడిగినవారికి తట్టలేదు.

అంటే "ఔను" అన్నది ఒక్కొక్కసారి జవాబు కాదు, మర్యాద. ఇంకొన్నిసార్లు అది అలసట. ఈ రెండవది నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు, మా ఇంట్లో.

ఊరికి వెళ్ళేముందు ప్రశ్నలు అలవాటు కావాలని మా అక్కను కూర్చోబెట్టి అడిగాను. అక్కకు ఇంటరు కాగానే పందొమ్మిదో ఏట పెళ్ళయింది. ఇరవై రెండో ఏట రెండో కాన్పు. సిజేరియన్ అన్నారు. "ఎట్లాగూ పొట్ట కోస్తున్నారు కదా, ఆ చేత్తోనే అదీ చేయించేస్తే ఒక పని అయిపోతుంది" అని ఆసుపత్రి వసారాలో మా బావ, వాళ్ళమ్మగారు, మా నాన్న మాట్లాడుకున్నారు. అందరూ అక్క మేలు కోరినవారే. కాగితం మీద అక్క సంతకం ఉంది. నొప్పుల మధ్య చేసిన సంతకం. పుట్టినది మగపిల్లవాడు. నాలుగు నెలలు తిరక్కుండానే న్యుమోనియాతో పోయాడు.

వయసు నియమాల ప్రకారం చూస్తే తప్పేమీ జరగలేదు. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆపరేషనుకు స్త్రీ వయసు 22 ఏళ్ళకు తగ్గకూడదు, ఒక బిడ్డకైనా ఏడాది దాటి ఉండాలి. రెండూ సరిపోయాయి. ఇంకొకటి కూడా ఆ నియమాల్లో ఉంది: భర్త సంతకం అక్కరలేదు, నిర్ణయం ఆమెది. ఆ ముక్క మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అక్కతో సహా.

పద్నాలుగో ప్రశ్న దగ్గరకు వచ్చాను. "ఆపరేషను మీ ఇష్టప్రకారమే జరిగిందా?"

అక్క కాసేపు కిటికీలోంచి చూసింది. "అవునని రాసుకోవే" అంది.

తర్వాత నా చేతిలో కాగితం తీసుకుని తనే పైనుంచి చదివింది. కాపర్-టి దగ్గర ఆగింది. "ఇది కాన్పు కాగానే పెట్టించుకోవచ్చా? మళ్ళీ తియ్యొచ్చా?" అని అడిగింది. ఔనన్నాను. "మరి నాకెవరూ చెప్పలేదే" అంది. అంతే. కోపంగా కూడా అనలేదు.

చేసేది

ఇక ఆచరణ. మన స్త్రీలందరూ ఆపరేషను దారే ఎందుకు పట్టారు? దీనికి జవాబు స్త్రీల మనసుల్లో వెతికితే దొరకదు, పథకం చరిత్రలో దొరుకుతుంది.

ప్రభుత్వమే పూనుకుని దేశవ్యాప్తంగా కుటుంబ నియంత్రణ పథకం పెట్టిన మొదటి దేశం మనదే, 1952లో. 1965లో లూపు వచ్చింది. లక్ష్యాలు పెట్టి గబగబా వేశారు. తర్వాత చూసేవారు లేక, ఇబ్బందులు చెప్పేవారు లేక దానికి చెడ్డపేరు వచ్చింది. 1968లో నిరోధ్ వచ్చింది. ఎర్ర త్రికోణం గోడగోడకూ ఎక్కింది. అప్పట్లో ఆపరేషన్లలో మగవారివే ఎక్కువ. తర్వాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే అందులో 60 లక్షలకు పైగా పురుషులవే. ఎంత బలవంతం జరిగిందో, 1977 ఎన్నికల్లో ప్రజలు ఏం జవాబు చెప్పారో అందరికీ తెలిసిందే.

ఆ దెబ్బతో ఏ ప్రభుత్వమూ మళ్ళీ మగవాడి జోలికి పోవడానికి సాహసించలేదు. పథకం ఆగిందా అంటే ఆగలేదు. స్త్రీల వైపు తిరిగింది. లాప్రోస్కోపు వచ్చి శిబిరాలు పెట్టడం సులువైంది. పురుషులు ఓటుతో ఎదిరించారు, స్త్రీలు ఎదిరించరన్న ధైర్యం కాబోలు! నర్సమ్మకు ఏడాదికి ఇన్ని కేసులని లెక్క. ఆపరేషనైతే ఒకసారి చేస్తే లెక్కలో పడిపోతుంది. బిళ్ళలూ కాపర్-టీ అయితే ఏళ్ళ తరబడి వెంట ఉండి కనుక్కోవాలి. ఆ ఓపిక పథకానికి లేకపోయింది. 1996లో లక్ష్యాల పద్ధతిని పైనుంచి ఎత్తేశారు గాని అలవాటు అంత తొందరగా పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక శిబిరంలో ఒకే రోజు 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలో మానిపించాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

చెప్పకపోవడం ఎంతవరకు వెళ్ళగలదో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూది మందును స్త్రీల మీద ప్రయోగాత్మకంగా వెయ్యడానికి పూనుకున్నారు. పిల్లలు పుట్టకుండా ఉండే సూది అని చెప్పారు గాని, ఇది ప్రయోగమన్న సంగతి వచ్చిన స్త్రీలకు చెప్పలేదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్ళి విచారిస్తే అది బయటపడింది. 1986లో వారూ మరికొన్ని సంఘాలవారూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ ఒరవడిలోనే హైదరాబాదు స్త్రీలు కొందరు కలిసి 1991లో "సవాలక్ష సందేహాలు" అన్న పుస్తకం తెచ్చారు. స్త్రీల శరీరం గురించి, ఆరోగ్యం గురించి, ఆడవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో. మన తల్లుల తరంలో ఆ పుస్తకం దొరికిన అదృష్టవంతులు కొందరే.

ఇప్పుడు గాలి మళ్ళీ తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీచేయరాదన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది. పిల్లలు తగ్గిపోతున్నారు, ఇక ఎక్కువమందిని కనండి అని వేదికల మీద చెబుతున్నారు. నిబంధన పోవడం మంచిదే. కాని నిన్న "చాలు" అన్నవారూ, ఇవాళ "కనండి" అంటున్నవారూ ఒకే తప్పు చేస్తున్నారు. కనేది ఎవరో ఆమెను ఎవరూ అడగడం లేదు.

మనమేం చెయ్యగలం?

ఆపరేషను చెడ్డదని నేను చెప్పడం లేదు. నాకు తటస్థపడిన స్త్రీలలో "హాయిగా ఉంది, బెంగ తీరింది" అన్నవారు చాలామందే ఉన్నారు. వాళ్ళ మాట వాళ్ళది. నేననేది ఒక్కటే. నాలుగు దారులు చూపించి, ఒక్కొక్కదాని మంచిచెడ్డలు చెప్పి, ఆమె ఒకటి పట్టుకుంటే అది ఎంపిక. ఒక్క దారే చూపించి నడవమంటే అది ఎంపిక కాదు. సర్వేలో మాత్రం రెండూ ఒకే టిక్కు.

విద్యార్థినీ మిత్రులారా! మనలో చాలామందికి రెండు మూడేళ్ళల్లో పెళ్ళిళ్ళవుతాయి. కాపర్-టి ఎన్నాళ్ళు పనిచేస్తుందో మనలో ఎంతమందికి తెలుసు? పల్లెటూరి ఆడవాళ్ళను చూసి నవ్వే హక్కు మనకు లేదు. ఈ సంగతులు పక్కింటి పుకార్ల నుంచి గాక ఆసుపత్రిలో డాక్టరును, ఊళ్ళో నర్సమ్మను, ఆశ కార్యకర్తను అడిగి తెలుసుకుందాం. కాన్పు బల్ల మీద కాదు, కాన్పుకు ఎన్నో నెలల ముందే.

విద్యార్థి మిత్రులారా! వెయ్యికి ముగ్గురన్న లెక్క మీది. ఇది ఆడవాళ్ళ వ్యాసమని పేజీ తిప్పేయకండి.

ఫీల్డువర్కు చివరి రోజున మిరపకాయల అక్క దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. ఇంటరు చదువుతున్న వాళ్ళ అమ్మాయిని పిలిచి నా పక్కన కూర్చోబెట్టింది. "మొన్న నాకు చెప్పినయ్యన్నీ దీనికీ చెప్పిపో అమ్మాయ్. నాకెట్టాగూ అయిపోయింది, దీనికన్నా తెలియాలిగా" అంది.

చెప్పాను. ఆ గంటసేపు చెప్పినదానికి నా ప్రశ్నల కాగితంలో గడి లేదు. మా అక్క జవాబుకూ లేదు. పద్నాలుగో ప్రశ్న ఎదుట అక్క చెప్పినట్టే "అవును" అని రాశాను గాని, ఆ కాగితాన్ని లెక్కలో కలపలేదు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.